పీపా చిన్నదైతే కాలం చిన్నదవుతుందా?

న్యూజిలాండ్‌లో ఇంటి వెనక షెడ్డులో చిన్న బట్టీ పెట్టుకుని సొంతానికి స్పిరిట్ దించుకోవడం నేరం కాదు. 1996 నాటి కస్టమ్స్, ఎక్సైజ్ చట్టంతో అక్కడ ఈ వెసులుబాటు వచ్చింది. అమ్మకూడదన్నదే ప్రధానమైన షరతు. ప్రపంచంలో ఇంత తేటగా అనుమతి ఉన్న దేశాలు చాలా తక్కువ. అమెరికాలో 1978 చట్టం ఇంటి బీరుకు, ఇంటి వైనుకు దారి ఇచ్చింది గానీ బట్టీని గడప ఎక్కనివ్వలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేని బట్టీ ఏదైనా నాటుసారా కేసే. సొంతానికేనన్న సాకు చెల్లదు. కాబట్టి ఇంటి బట్టీ పక్కన ఇంటి పీపా కూడా చేరి ఒక సరదాగా పెరగడం న్యూజిలాండ్ లాంటి చోట్లే సాధ్యమైంది. బట్టీ నుంచి దిగే సరుకు నీళ్లలా తెల్లగా, గొంతులో మంటగా ఉంటుంది. అది విస్కీయో బ్రాందీయో అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కొన్నేళ్లు మగ్గాలి. అన్నేళ్లు ఆగే ఓపికా, రెండు వందల లీటర్ల పీపా నింపే సరుకూ ఇంటివాడి దగ్గర ఉండవు. ఆ లోటు తీర్చడానికి రెండు, అయిదు, పది లీటర్ల బుల్లి పీపాలు వచ్చాయి. వాటి వెంటే పెద్ద పీపాలో ఏళ్లు పట్టే పని చిన్న పీపాలో నెలల్లో అయిపోతుందన్న ప్రచారమూ వచ్చింది. అందులో సగమే నిజం. చిన్న పీపా చెక్క రుచిని త్వరగా ఇస్తుంది, వయసును ఇవ్వదు. ఈ తేడా పట్టుబడితే పీపాను ఎలా వాడాలో, ఎప్పుడు వాడకూడదో దానంతటదే తేలుతుంది.

ముందు పీపా సంగతి చూద్దాం. రోమన్లు గాల్ దేశపు జనం దగ్గర దీన్ని నేర్చుకున్నారు. పగిలిపోయే మట్టి కూజాల కంటే దొర్లించుకుపోగల చెక్క పీపా రవాణాకు నయమనిపించింది. నడుము దగ్గర ఉబ్బు ఉండటం వల్ల నేలకు ఆనే చోటు తక్కువ. అందుకే నిండు పీపాను సైతం ఒక్క మనిషి ఎటు కావాలంటే అటు తిప్పగలడు. పలకల మధ్య జిగురు ఉండదు. వంచిన పలకలను ఇనుప పట్టీలు బిగించి పట్టుకుంటాయి, మిగతా పని తడి చేస్తుంది. కొత్త బుల్లి పీపాలో మొదటిసారి నీళ్లు పోస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది. పలకల సందుల్లోంచి, మూత పలక అంచుల్లోంచి చెమట పట్టినట్టు చుక్కలు ఊరుతాయి. చెక్క నీళ్లు తాగి ఉబ్బి, పలక పలకను నెట్టుకునే కొద్దీ ఆ ఊట తగ్గి, ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఎండిన పీపాలో నేరుగా స్పిరిట్ పోసినవాడికి మిగిలేది నేల మీద మడుగే. పీపాకు అన్ని చెట్లూ పనికిరావు. అమెరికన్ తెల్ల ఓక్‌లో నీటిని మోసే సన్నని గొట్టాలు చెట్టు ముదిరే కొద్దీ లోపలి నుంచే పూడుకుపోతాయి, అందుకే అది కారదు. ఎర్ర ఓక్‌లో అవి తెరిచే ఉంటాయి. దాని ముక్కను ఒక కొసన నీళ్లలో ముంచి రెండో కొసన ఊదితే బుడగలు వస్తాయి. యూరప్ ఓక్ ఈ రెంటికీ నడుమన ఉంటుంది. దాన్ని రంపంతో అడ్డదిడ్డంగా కోయకుండా పోగు వెంబడి చీలుస్తారు.

ఇలా పాత్రగా మొదలైన పీపా, లోపల నిప్పు పెట్టేసరికి వంటలో దినుసుగా మారింది. ఓక్ చెక్కలో సగానికి కాస్త తక్కువగా సెల్యులోజ్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం హెమీసెల్యులోజ్, లిగ్నిన్ ఉంటాయి, కొంత టానిన్ ఉంటుంది. నిప్పు సెగకు హెమీసెల్యులోజ్ విరిగి చక్కెరలై, అవి మాడి కారమెల్ రుచినిస్తాయి. లిగ్నిన్ విరిగితే వనిల్లా వాసననిచ్చే వనిలిన్ పుడుతుంది. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసన తెస్తాయి. టానిన్ది వగరు. బోర్బన్ విస్కీకి వాడే కొత్త పీపాల లోపలి గోడను ఒక నిమిషంలోపే మంటతో కాల్చి బొగ్గు చేస్తారు. బాగా కాలిన గోడ మొసలి వీపులా పలకలు పలకలుగా పగులుతుంది. వాడిన పీపా పలకను అడ్డంగా కోసి చూస్తే ఈ కథంతా ఒక అంగుళంలో కనిపిస్తుంది. లోపలి అంచున నల్లని బొగ్గు, దాని కింద సెగకు ఎరుపెక్కిన పొర, ఇంకా లోతున స్పిరిట్ ఎంత దూరం ఇంకిందో చెప్పే గీత, ఆ తర్వాత తెల్లని పచ్చి చెక్క వరసగా ఉంటాయి. పగటి వేడికి స్పిరిట్ వ్యాకోచించి పలకలోకి చొరబడుతుంది, చల్లబడ్డాక రంగూ రుచీ పట్టుకుని వెనక్కి వస్తుంది. పీపాలో విస్కీకి పట్టే బంగారు రంగు ఈ రాకపోకల ఫలితమే.

పీపాలో జరిగే పనులను మూడుగా విడదీసి చూడాలి. మొదటిది చేర్చడం. చెక్కలోని రంగు, వనిలిన్, చక్కెరలు, టానిన్ స్పిరిట్‌లో కరుగుతాయి. రెండోది తీసెయ్యడం. బొగ్గు పొర కొత్త స్పిరిట్‌లోని గంధకపు కంపును, ఇంకొన్ని మొరటు వాసనలను పట్టేసుకుంటుంది. మూడోది మార్చడం. చెక్క గుండా మెల్లగా దూరే గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాల్‌లో కొంత ఆల్డిహైడ్‌గా, అది ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లాలు మళ్లీ ఆల్కహాల్‌తో కలిసి పండ్ల వాసనలనిచ్చే ఎస్టర్లవుతాయి. మొదటి రెండు పనులూ చెక్క ఎంత మేర స్పిరిట్‌ను తాకుతోందన్న దాని మీద నడుస్తాయి. మూడోది ఒక మెట్టు పూర్తయితే గానీ మరో మెట్టు ఎక్కని పని. ఆమ్లం పుట్టనిదే ఎస్టర్ పుట్టదు. ఈ మూడింటి పక్కన మరో తంతు మొదటి రోజు నుంచే నడుస్తుంటుంది, అది ఆవిరి. పీపాలోని నీరూ ఆల్కహాలూ చెక్కలోంచి గాలిలోకి పోతూనే ఉంటాయి. స్కాట్లండ్‌లో దేవదూతల వాటా అని పిలుచుకునే ఈ నష్టం అక్కడి చలిలో ఏడాదికి సుమారు 2 శాతం.

ఈ పనుల వేగాలు వేరువేరని చెప్పేది ఊహ కాదు. అమెరికా ప్రభుత్వ రసాయనవేత్తలు క్రాంప్టన్, టోల్మన్ 8 ఏళ్ల పాటు పీపాల్లోని విస్కీని పరీక్షిస్తూ వచ్చి, 1908లో ఆ లెక్కలు ప్రచురించారు. అప్పట్లో తెల్ల స్పిరిట్‌కు రంగు కలిపి పాత విస్కీగా అమ్మే వ్యాపారం జోరుగా ఉండేది. అసలుకూ నకిలీకీ తేడా కనిపెట్టడానికి ఈ లెక్కలు ఆధారమయ్యాయి. వాళ్లు చూసింది ఇదీ: రంగు, కరిగిన చెక్క పదార్థాలు తొలి రోజుల్లోనే జోరుగా పెరిగి తర్వాత మందగించాయి. ఆమ్లాలు ముందు పెరిగాయి. ఎస్టర్లు వెనకబడి బయల్దేరి, నాలుగో ఏడు వచ్చేసరికి ఆమ్లాలను అందుకున్నాయి. బొగ్గు పట్టిన పీపాల్లో నాలుగో ఏడు తర్వాత కనిపించిన మెరుగుదలకు ఎక్కువగా కారణం ఆవిరి పోగా మిగిలిన సరుకు చిక్కబడటమే. అంటే రంగు చూసి వయసు చెప్పలేం. రంగు మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది, మిగతావి దాని వెనక నడిచి వస్తాయి.

ఇప్పుడు చిన్న పీపా లెక్క చూడండి. ఒకే ఆకారంలో ఉన్న రెండు పాత్రల్లో చిన్నదానికి లీటరుకు ఎక్కువ గోడ ఉంటుంది. 200 లీటర్ల పీపాతో పోలిస్తే 20 లీటర్ల పీపాలో లీటరుకు సుమారు 2.2 రెట్లు, 5 లీటర్ల పీపాలో 3.4 రెట్లు, 2 లీటర్ల పీపాలో 4.6 రెట్లు చెక్క తగులుతుంది. చేర్చే పని ఆ మేరకు పరుగెత్తుతుంది. ఏడాది పట్టే రంగు మూడు నాలుగు నెలల్లో దిగడం ఇందువల్లే. ఆ ప్రచారంలో నిజమైన సగం ఇది. అయితే ఆవిరి కూడా గోడ లెక్కనే పోతుంది. పెద్ద పీపాలో ఏడాదికి 4 శాతం పోయే చోట, అదే మందం చెక్కతో చేసిన 5 లీటర్ల పీపాలో పోయేది 13 శాతం పైమాటే. నిజానికి బుల్లి పీపాల పలకలు ఇంకా పలచన కాబట్టి నష్టం అక్కడితో ఆగదు. ఎస్టర్ల పని మాత్రం గోడను చూసి నడవదు. అది ద్రవంలో ఏమేం ఎంత ఉన్నాయి, ఎంత వేడి ఉంది, ఎన్నాళ్లు గడిచింది అన్నవాటిని చూసి నడుస్తుంది. ఆవకాయలో కారం, ఆవపిండి రెట్టింపు వేస్తే అది సగం రోజుల్లో ఊరదు, ఘాటు రెట్టింపవుతుంది, అంతే. చిన్న పీపాలో మూడు నెలలున్న స్పిరిట్‌ది ఇదే వరస. చెక్కపాలు నిండుగా ఉంటుంది, ఆ చెక్కను తనలో కలుపుకునేంత వయసు దానికి రాదు.

దీన్ని పరీక్షకు పెట్టినవాళ్లూ ఉన్నారు. కెంటకీలోని బఫెలో ట్రేస్ డిస్టిలరీ ఒకే రకం బోర్బన్ స్పిరిట్‌ను 5, 10, 15 గ్యాలన్ల పీపాల్లో, అంటే ఇంచుమించు 19, 38, 57 లీటర్లలో నింపి, ఒకే గోదాములో పక్కపక్కన పెట్టి 6 ఏళ్లు ఉంచింది. వాళ్ల మామూలు పీపా 53 గ్యాలన్లది. ప్రయోగం విఫలమైందని 2012లో ఆ సంస్థే ప్రకటించింది. చిన్న పీపాల్లోని బోర్బన్‌కు ముదురు రంగు, పొగ వాసన త్వరగానే పట్టాయి గానీ చెక్క చక్కెరల తీపి, రుచిలో లోతు రాలేదన్నది వాళ్ల తీర్పు. అంత చిన్న పీపాలో 6 ఏళ్లు ఉంచితే పాడవక ఏమవుతుంది, ఏడాదికే తీసేస్తే సరిపోయేది కదా అని అనొచ్చు. ఆ మాటలోనే జవాబు ఉంది. ఏడాదికి తీస్తే చేతికొచ్చేది ఏడాది విస్కీయే, ఆరేళ్ల విస్కీ కాదు. పెద్ద పీపాలో మంచి జరగడానికి పట్టే కాలమంతా చిన్న పీపా ఆగలేదు. అప్పటికే చెక్క స్పిరిట్‌ను మింగేస్తుంది. చిన్న పీపాలో లోపం దాని వేగంలో లేదు. దాన్ని ఆగనివ్వని గుణంలో ఉంది.

దీనికి బలమైన అభ్యంతరం మార్కెట్ నుంచి వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని టుథిల్‌టౌన్ డిస్టిలరీ చిన్న పీపాల్లో మగ్గించిన హడ్సన్ బేబీ బోర్బన్‌తోనే పేరు తెచ్చుకుంది. 2010లో ఆ బ్రాండును స్కాట్లండ్‌కు చెందిన విలియమ్ గ్రాంట్ సంస్థ కొనుక్కుంది. జనం మెచ్చి డబ్బిచ్చి కొన్నప్పుడు లోపమెక్కడన్నది ప్రశ్న. మెచ్చడంలో తప్పేమీ లేదు. లేత విస్కీకి దాని రుచి దానికుంది, సీసా మీద బేబీ అని రాసి అమ్మడంలో దాపరికమూ లేదు. లేతదాన్ని ముదురుదని నమ్మబలికినప్పుడే తగువు. చట్టాలు ఈ గీతను కాలంతోనే గీశాయి. స్కాచ్ అనిపించుకోవాలంటే 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. స్ట్రెయిట్ బోర్బన్‌కు కాల్చిన కొత్త ఓక్‌లో కనీసం 2 ఏళ్లు పడుతుంది. పీపా ఎంత చిన్నదైనా ఆ ఏళ్లలో ఒక్క రోజు తగ్గింపు లేదు.

రెండో అభ్యంతరం మన దేశం నుంచే వినిపిస్తుంది. కాలమే అంతా అయితే బెంగళూరు అమృత్ సంగతేమిటి? 2004లో గ్లాస్గోలో తొలి అడుగు వేసిన ఈ సింగిల్ మాల్ట్ నాలుగైదేళ్ల వయసులోనే, రెట్టింపు వయసున్న స్కాచ్‌ల సరసన నిలబడింది. ఇది న్యాయమైన ప్రశ్న. కాలమంటే క్యాలెండరు ఒక్కటే కాదని ఇది గుర్తుచేస్తుంది. వేడికి చెక్క కరగడమే కాదు, ఆక్సిజన్ పని, ఎస్టర్ల పని కూడా వేగం పుంజుకుంటాయి. వేడి మూడు పనులనూ కలిపి ముందుకు తోస్తుంది. చిన్న పీపా ఒకటి రెండింటినే తోసి మూడోదాన్ని వెనక వదిలేస్తుంది. రెంటికీ తేడా అదే. పైగా అమృత్‌లో మగ్గేది బుల్లి పీపాల్లో కాదు, పెద్ద పీపాల్లోనే. దానికి చెల్లించే మూల్యం కూడా చిన్నదేం కాదు. బెంగళూరులో ఏడాదికి 10 నుంచి 12 శాతం గాలిలో కలిసిపోతుంది. నాలుగేళ్లకు పీపాలో మూడో వంతు పైగా ఖాళీ అవుతుంది. అంత వేడిలో 5 లీటర్ల పీపా పెడితే రుచి కుదిరేలోపు సరుకే మిగలదు. వేడి దేశపు అనుభవం చిన్న పీపాను సమర్థించదు, దాని మీద అనుమానాన్నే పెంచుతుంది.

మూడో అభ్యంతరం పొదుపరిది. చెక్క రుచే కావాలంటే పీపా ఎందుకు, గాజు జాడీలో కాల్చిన ఓక్ ముక్క వేస్తే పోలేదా అంటాడు. చెక్కను చేర్చే పని వరకు ఇది నిజంగా పోతుంది, ఖర్చూ ఆవిరి నష్టమూ తగ్గుతాయి. పెద్ద కంపెనీలకూ ఈ ఆలోచన తట్టింది. కంపాస్ బాక్స్ అనే సంస్థ 2005లో పీపాల లోపల అదనంగా ఓక్ పలకలు బిగించి స్పైస్ ట్రీ అనే విస్కీని మగ్గించింది. అది సంప్రదాయం కాదని స్కాచ్ విస్కీ సంఘం అడ్డుపడటంతో మానేసి, 2009లో బాగా సెగ చూపిన మూత పలకల పద్ధతితో మళ్లీ తెచ్చింది. స్కాచ్ అన్న పేరుతో పనిలేని ఇంటివాడికి ఈ నియమాల బెడద లేదు. కానీ బిగుతుగా మూసిన గాజు గోడలోంచి గాలి రాదు. జాడీ పైన కాస్త ఖాళీ ఉంచి, అప్పుడప్పుడు మూత తీస్తే కొంత ఆక్సిజన్ అందుతుంది గానీ పీపా ఇచ్చే నెమ్మదైన, ఎడతెగని శ్వాస దొరకదు. కాబట్టి ఓక్ ముక్కతో నిజాయతీగా చెక్క రుచి సంపాదించవచ్చు. బుల్లి కొత్త పీపా ఖరీదెక్కువ పెట్టించి ఇంచుమించు అదే ఇస్తుంది.

అయితే బుల్లి పీపా పనికిరాదనేనా? పనికొస్తుంది, వాడే వరస మార్చుకుంటే. స్కాట్లండ్ విస్కీ పరిశ్రమలో ఎక్కువ భాగం నడిచేది వాడేసిన పీపాల మీదే. బోర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలని అమెరికా చట్టం పట్టుబట్టడంతో అక్కడ ఒకసారి వాడిన పీపాలు సముద్రం దాటి వస్తాయి. చెక్కలోని మొదటి జోరు బోర్బన్ తాగేయగా మిగిలిన పీపా ఏళ్ల తరబడి స్పిరిట్‌ను పట్టుకుని, మార్చే పనికి చోటిస్తుంది. ఇంటివాడికి పాఠం ఇక్కడే ఉంది. కొత్త బుల్లి పీపాలో మొదటి విడత కొద్ది వారాలకు మించి ఉంచకూడదు. వారం వారం రుచి చూసి, వగరు తలెత్తక ముందే గాజులోకి దించేయాలి. షెర్రీ లాంటి వైనుతో ముందు నింపి చెక్క దూకుడు తగ్గించడం ఇంకో దారి. రెండో విడత నెలలు ఆగుతుంది. మూడో విడతకు వచ్చేసరికి చెక్క నీరసించి, స్పిరిట్‌ను తొందరపెట్టడం మానేస్తుంది. పీపా అసలు సాయం అప్పుడు మొదలవుతుంది. స్పిరిట్ బలం కూడా చూసుకోవాలి. బోర్బన్‌ను పీపాలో నింపేటప్పుడు 62.5 శాతం దాటకూడదని నిబంధన. బలం మరీ ఎక్కువైతే నీటిలో కరిగే చెక్క చక్కెరలు తక్కువగా వస్తాయి. విడతకూ విడతకూ మధ్య పీపాను ఎండనివ్వకూడదు, ఎండితే పలకలు వదులై కారుతుంది, తడిగా ఖాళీగా వదిలేస్తే బూజు పడుతుంది. ఇంత చాకిరీ చేసేవాడికి, ఆవిరి పన్ను కట్టే ఓపిక ఉంటే 20 లీటర్ల పీపా 5 లీటర్ల పీపా కంటే ఎప్పుడూ మేలే.

ఇక పీపాతో కాని పని ఒకటుంది, తప్పుగా దించిన సరుకును సరిచేయడం. బొగ్గు కొన్ని కంపులను పట్టుకుంటుంది గానీ మిథనాల్‌ను పట్టుకోదు. మన దేశంలో కల్తీసారా తాగి ఊళ్లకు ఊళ్లు చావు చూసిన ఘటనల వెనక సాధారణంగా ఉండేది పరిశ్రమల మిథైల్ ఆల్కహాల్ కలపడమే, దానికి ఏ పీపా, ఎన్నేళ్లూ విరుగుడు కావు. బట్టీలో సీసం కలిసిన అతుకులుంటే ఆ సీసమూ స్పిరిట్‌తోనే ఉండిపోతుంది. 60 శాతం స్పిరిట్ నుంచి లేచే ఆవిరి మామూలు గది వేడిలోనూ నిప్పు తగిలితే అంటుకోగలదు, కాబట్టి పీపా పొయ్యి దాపుల్లో ఉండకూడదు. చట్టం ఒప్పుకోని చోట ఈ సరదా మొత్తానికే చోటు లేదన్నది వేరే చెప్పక్కర్లేదు. చట్టం ఒప్పుకున్న చోట పీపా కొనేవాడు దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఎన్ని నెలల్లో అవుతుందని కాదు. ఈ పీపాలో ముందు ఏముంది, ఎన్ని విడతలు నడిచింది, పలక ఎంత మందం అని అడగాలి. నెలల లెక్క చెప్పి అమ్మేవాడు రంగును చూపించి వయసు ధర అడుగుతున్నాడు. క్రాంప్టన్, టోల్మన్‌ల లెక్కలు ఆ బేరానికి నూరేళ్ల కిందటే జవాబు చెప్పాయి.